కణమే మందైతే చదవాల్సిందేమిటి?

"అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఫస్ట్ క్లాసులో పాసైంది. ఎమ్మెస్సీ చేయించమంటారా, ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో పెట్టమంటారా?" డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. ఈమధ్య దాని వెనకే ఇంకోటి వస్తోంది: "సెల్ అండ్ జీన్ థెరపీ అని పేపర్లో రాస్తున్నారు కదండీ, క్యాన్సర్ కూడా తగ్గుతుందట. అందులో ఎమ్మెస్సీ ఉందట. చదివితే ఉద్యోగం ఉంటుందా?"

అడిగేవాళ్లకు ఇది కాలక్షేపం ప్రశ్న కాదు. రెండేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు; విదేశమైతే పొలమో ప్లాటో తాకట్టు. మన రెండు రాష్ట్రాల్లో బయోటెక్నాలజీ చదివి చివరికి మెడికల్ కోడింగ్ శిక్షణలో చేరినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు తెలివి లేక కాదు అలా జరిగింది. పాఠం పుస్తకంలోనే ఆగిపోయి, చేతికి పని రాకపోవడం వల్ల జరిగింది. అందుకే కోర్సుల పేర్ల దగ్గర మొదలుపెట్టను. ఈ మందు ఎలా తయారవుతుందో ముందు చూద్దాం. ఎక్కడెక్కడ ఎలాంటి మనుషులు కావాలో తెలిస్తే, ఏం చదవాలన్నది తేల్చుకోవడం సులువు.

మాత్ర కాదు, ప్రాణమున్న కణం

పారాసిటమాల్ మాత్రలో మందుగా పనిచేసేది ఒకే రసాయనం. ఒక్క విడతలో లక్షల మాత్రలు దిగుతాయి. వాటిలో కొన్నిటిని పరీక్షిస్తే మిగతావాటి నాణ్యత తెలిసిపోతుంది. అనంతపురంలో మింగినా అమెరికాలో మింగినా మాత్ర అదే.

జన్యు చికిత్స తీరు వేరు. ఏదో ఒక జన్యువు చెడిపోవడం వల్ల వచ్చిన జబ్బుకు, ఆ జన్యువు మంచి ప్రతిని కణంలోకి చేర్చడమో, ఉన్నదాన్ని అక్కడికక్కడే దిద్దడమో చేస్తారు. అనుమతులతో జరిగిన మొదటి ప్రయత్నం 1990 సెప్టెంబరు 14న అమెరికాలో మొదలైంది. రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన అశాంతి డిసిల్వా అనే నాలుగేళ్ల పాపకు ఆమె తెల్ల కణాలనే తీసి, లోపించిన జన్యువును వాటిలో చేర్చి, తిరిగి ఎక్కించారు. కణ చికిత్స అంటే కణాన్నే మందుగా ఇవ్వడం. ఎముక మజ్జ మార్పిడి అలాంటిదే, దశాబ్దాలుగా జరుగుతోంది.

ఈ రెండు దారులూ కలిసిన చోట పుట్టింది కార్-టి చికిత్స. మన రక్తంలో టి-కణాలనే రక్షక కణాలు ఉంటాయి. కొన్ని రకాల రక్త క్యాన్సర్లను అవి గుర్తుపట్టలేవు. రోగి టి-కణాలను బయటికి తీసి, క్యాన్సర్ కణం మీది సీడీ19 అనే గుర్తును పట్టుకునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువును వాటిలోకి పంపుతారు. పంపడానికి వాడేది రోగం కలిగించే శక్తి తీసేసిన వైరస్. దాన్ని వాహకం అందాం. పరిశ్రమలో వెక్టర్ అంటారు. కొత్త గ్రాహకం వచ్చిన టి-కణాలను లక్షల నుంచి కోట్లలోకి పెంచి రోగికి తిరిగి ఎక్కిస్తారు. 2012లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకు ఇలాగే ఎక్కించారు. అన్ని మందులూ విఫలమైన ఆమె లుకేమియా మాయమైంది. ఆ చికిత్సకు 2017 ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది.

ఇలాంటి మందును తయారుచేయడంలో కష్టమేమిటో ఇంట్లో పాలు తోడుపెట్టే పని గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, చల్లగా ఉంటే పెరుగు తోడుకోదు. వేసవిలో నాలుగు గంటల్లో పేరుకునేది చలికాలంలో రాత్రంతా తీసుకుంటుంది. గేదె పాలూ ఆవు పాలూ ఒకలా తోడుకోవు. పచ్చడిలో పెట్టిన చెంచా అందులో ముంచితే పెరుగు పాడవుతుంది. పాడైందని తెలిశాక కాచి బాగుచేద్దామంటే కుదరదు, కాస్తే అది ఇక పెరుగే కాదు. కణాల మందుకు ఈ ఇబ్బందులన్నీ ఉన్నాయి. ఒక్కో రోగి కణాలు ఒక్కోలా పెరుగుతాయి. అప్పటికే ఎన్నో విడతల కీమోథెరపీ పడ్డవాళ్ల కణాలైతే నీరసించి ఉంటాయి. ఇంజెక్షన్ మందులు చాలావాటిని చివర్లో వేడితోనో సన్నని వడపోతతోనో సూక్ష్మజీవులు లేకుండా చేయవచ్చు. బతికున్న కణాన్ని వేడిచేస్తే చస్తుంది. బ్యాక్టీరియాను ఆపే వడపోత దాన్నీ ఆపేస్తుంది. మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా ఎక్కడా మలినం చేరకుండా చేయి నడవాల్సిందే. పైగా పెరుగు పాడైతే మళ్లీ పాలు తెచ్చుకోవచ్చు. ఇక్కడ కణాలున్న సంచి పాడైతే, మరోసారి కణాలిచ్చే ఓపిక రోగికి మిగిలి ఉండకపోవచ్చు.

ఉద్యోగాల లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది. మాత్రల్లో ఒక విడత లక్షల మందికి సరిపోతుంది. రోగి సొంత కణాలతో చేసే మందులో ఒక విడత ఒక్క మనిషికే. వందమంది రోగులుంటే వందసార్లు తయారుచేయాలి, వందసార్లు పరీక్షించాలి, వంద రికార్డు పుస్తకాలు రాయాలి. కొత్త జన్యువును కనిపెట్టే శాస్త్రవేత్తలు కొద్దిమంది చాలు. రోగుల సంఖ్యతోపాటు పెరిగే ఉద్యోగాలు తయారీలోనూ పరీక్షల్లోనూ రికార్డుల్లోనూ ఉన్నాయి. మన కళాశాలల్లో మాత్రం పరిశోధన ఒక్కటే గౌరవమైన దారి అన్నట్టు చెబుతారు. అది పిల్లలకు చేస్తున్న అన్యాయం అనుకుంటాను.

సంచి వెంట నడిస్తే

ఆసుపత్రిలో మొదలుపెడదాం. రోగి ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి వెళ్తుంది. యంత్రం తెల్ల కణాలను వేరుచేసి సంచిలో దాచి, మిగతా రక్తాన్ని తిరిగి రోగిలోకి పంపుతుంది. అఫెరిసిస్ అనే ఈ పనికి కొన్ని గంటలు పడుతుంది. రక్తమార్పిడి వైద్యంలో ఎండీ చేసిన డాక్టరు, ఆ యంత్రం మీద తర్ఫీదు పొందిన నర్సు, టెక్నీషియన్ ఉంటారు. సంచికి చీటీ అంటిస్తారు. ఆ చీటీ మీది గుర్తింపు, సంచి తయారీ కేంద్రానికి వెళ్లి మళ్లీ అదే మనిషి మంచం దగ్గరికి వచ్చేదాకా ఒక్క అక్షరం తేడా రాకూడదు. ఒకరి కణాలు మరొకరికి ఎక్కితే ప్రాణాల మీదికి వస్తుంది. ఈ గుర్తింపును ప్రతి చేతిమార్పు దగ్గరా సరిచూడటమే పనిగా ఉన్న ఉద్యోగులు ఉంటారు.

తర్వాత తయారీ కేంద్రం. వడగట్టిన గాలి తప్ప మరొకటి రాని గది, క్లీన్‌రూమ్. తల నుంచి కాలి దాకా సూక్ష్మజీవరహిత దుస్తులు వేసుకుంటేనే లోపలికి ప్రవేశం. ఆ దుస్తులు నేలకు తగలకుండా తొడుక్కోవడానికే విడిగా శిక్షణ, పరీక్ష ఉంటాయి. లోపల అయస్కాంత పూసలతో టి-కణాలను వేరుచేస్తారు, వాటిని మేల్కొలుపుతారు, వాహక వైరస్ కలుపుతారు, పోషక ద్రవంలో పెంచుతారు. మొత్తం ఒకటి రెండు వారాల పని. కొత్తగా చేరినవాళ్లకు రోగి కణాలు వెంటనే ఇవ్వరు. కణాలకు బదులు సూక్ష్మజీవులు ఇట్టే పెరిగే పోషక ద్రవంతో మొత్తం తయారీని నటించమంటారు. ఆ ద్రవాన్ని వెచ్చగా ఉంచి రెండు వారాలు చూస్తారు. అది మబ్బుగా మారిందా, ఎక్కడో చేయి తప్పినట్టే. కారణం వెతికి, మళ్లీ శిక్షణ ఇచ్చి, మళ్లీ పరీక్ష పెడతారు. మీడియా ఫిల్ అనే ఈ పరీక్షలో మార్కుల మెమో ఎందుకూ పనికిరాదు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు ఈ గదిలో ఎక్కువగా కనిపిస్తారు.

వాహకం తయారీ మరో లోకం. హెచ్‌ఈకే293 అనే కణాల వరసను పెద్ద పాత్రల్లో పెంచి, వాటికి ప్లాస్మిడ్లనే డీఎన్‌ఏ వలయాలు అందించి, వాటి చేతే వైరస్‌ను చేయించి, శుద్ధిచేస్తారు. మందు ఖర్చులో ఇదొక పెద్ద వాటా. బయోప్రాసెస్ చదివిన బీటెక్, ఎంటెక్ వాళ్ల చోటు ఇది.

నాణ్యత పరీక్షల విభాగం నా దృష్టిలో కొత్తవాళ్లకు అన్నిటికన్నా మంచి ప్రవేశద్వారం. కణాల్లో బతికున్నవి ఎంత శాతం? కొత్త గ్రాహకం ఎన్నిటికి వచ్చింది? ఒక్కో కణంలో జన్యువు ఎన్ని ప్రతులు చేరింది? బ్యాక్టీరియా, మైకోప్లాస్మా, ఎండోటాక్సిన్ ఉన్నాయా? ఫ్లో సైటోమీటర్, పీసీఆర్ యంత్రాలు రోజూ నడుస్తూనే ఉంటాయి. సూక్ష్మజీవులు లేవని తేల్చే పాత పద్ధతికి 14 రోజులు కావాలి. అంతకాలం ఆగలేని రోగి ఉంటాడు. అందుకని త్వరగా తేల్చే పద్ధతులు వచ్చాయి. అవి పాత పద్ధతికి సమానమని రుజువు చేయడం కూడా ఉద్యోగమే. ఈ యంత్రాల మీద ఆరు నెలలు నిజంగా పనిచేసినవాళ్లు టీకాల కంపెనీకీ, బయోసిమిలర్ల కంపెనీకీ, పెద్ద డయాగ్నోస్టిక్ ల్యాబుకూ పనికొస్తారు.

ఇక రాత. ఏ సీసా, ఏ లాట్ నంబరు, ఎన్ని గంటలకు, ఎవరు చేశారు, ఎవరు చూశారు, అన్నీ అప్పటికప్పుడు బ్యాచ్ రికార్డులో పడాలి. కాగితం మీద లేకపోతే ఆ పని చేయనట్టే లెక్క. తప్పు రాస్తే ఒక్క గీత గీసి పక్కన సంతకం, తేదీ వేయాలి. దిద్దుడు రంగు పూయకూడదు. నాణ్యతా హామీ విభాగం ఆ పుస్తకమంతా చదివి సంతకం చేశాకే సంచి గది దాటుతుంది.

ఈ రాతకోతలు ఎందుకనిపిస్తే 1999 గుర్తుచేసుకోవాలి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జన్యు చికిత్స ప్రయోగంలో చేరిన జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు ఆ సెప్టెంబరు 17న చనిపోయాడు. వాహకంగా వాడిన వైరస్‌కు అతని శరీరం భయంకరంగా ఎదురుతిరిగింది. విచారణలో బయటపడ్డవి ఎక్కువగా రికార్డుల లోపాలు. అంతకుముందు పాల్గొన్నవారిలో కనిపించిన తీవ్ర దుష్ఫలితాలను సకాలంలో ఎఫ్‌డీఏకు తెలపలేదు. కోతుల మీద ప్రయోగాల్లో జరిగిన మరణాల సంగతి అంగీకార పత్రంలో లేకుండా పోయింది. ఆ తర్వాత కొద్దికాలానికే పారిస్‌లో, రోగనిరోధక శక్తి లేని పిల్లలకు చేసిన చికిత్స ఫలించింది గానీ, వారిలో కొందరికి లుకేమియా వచ్చింది. వాహకం తీసుకెళ్లిన జన్యువు క్యాన్సర్‌తో సంబంధమున్న మరో జన్యువు పక్కన వెళ్లి చేరడమే కారణం. అందుకే జన్యుపదార్థంలో శాశ్వతంగా చేరిపోయే వాహకాలు వాడితే రోగిని 15 ఏళ్ల దాకా గమనించాలని ఎఫ్‌డీఏ చెబుతుంది. పదిహేనేళ్ల వివరాలు సేకరించి, భద్రపరిచి, అర్థం చెప్పడానికి గణాంకశాస్త్రం చదివినవాళ్లు కావాలి. బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వాళ్లకు కూడా ఈ రంగంలో చోటుందని ఎవరూ చెప్పరు.

సంచి చివరికి ఆసుపత్రికే తిరిగివస్తుంది. కణాలు ఎక్కించడం కొద్ది నిమిషాల పని. అసలు కాపలా ఆ తర్వాతి రోజుల్లో. టి-కణాలు ఒక్కసారిగా విజృంభిస్తే తీవ్ర జ్వరం వస్తుంది, రక్తపోటు పడిపోతుంది, ఒక్కోసారి మాట తడబడుతుంది. రోగిని ఒక వాక్యం రాయమని రోజూ అడుగుతారు. చేతిరాత మారితే మెదడు మీద ప్రభావం మొదలైందని పసిగడతారు. ముందుగా గుర్తుపట్టేది చాలాసార్లు నర్సే. నర్సింగ్ చదివిన అమ్మాయిలు ఈ అధ్యాయాన్ని తమది కాదనుకోవద్దు.

మన దేశంలో ఎక్కడిదాకా వచ్చింది

అమెరికాలో కార్-టి మందు ఖరీదు మన లెక్కలో మూడు కోట్ల పైమాటే. ఐఐటీ బొంబాయిలో రాహుల్ పుర్వార్ బృందం, టాటా మెమోరియల్ వైద్యులు కలిసి సొంతంగా ఒక కార్-టి మందును రూపొందించారు. 2021 జూన్‌లో నవీ ముంబయిలోని టాటా మెమోరియల్ కేంద్రంలో తొలి రోగికి ఇచ్చారు. నెక్స్‌కార్19 అనే ఆ మందుకు 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. తయారుచేసేది ఐఐటీ నుంచి పుట్టిన ఇమ్యునోయాక్ట్ కంపెనీ. విడుదలైనప్పుడు ధర 40 లక్షల పైచిలుకు. సామాన్యుడికి ఇదీ అందని ధరే, కాని విదేశీ ధరలో పదో వంతు చిల్లర. తగ్గడానికి ఒక ముఖ్య కారణం వాహకాన్ని ఇక్కడే తయారుచేసుకోవడం. బెంగళూరులోని ఇమ్యునీల్ కంపెనీ 2025లో తన కార్-టి మందును విడుదల చేసింది.

రాయలసీమవాళ్లకు దగ్గరి ఊరు వేలూరు. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో అలోక్ శ్రీవాస్తవ బృందం తీవ్ర హీమోఫీలియా-ఎ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురికి వారి రక్త మూలకణాల్లోనే లోపించిన జన్యువు చేర్చి తిరిగి ఎక్కించింది. చికిత్స తర్వాత గమనించిన కాలంలో ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఆ ఫలితాలు ప్రచురించింది. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇంకా ముందే ఈ దారి పట్టింది. సున్నమో రసాయనమో పడి కంటి నల్లగుడ్డు మీది కార్నియా పైపొర కాలిపోయినవారికి, బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, అందులోని మూలకణాలను ప్రయోగశాలలో పెంచి అతికించే చికిత్స 2001లోనే అక్కడ మొదలైంది. కణ చికిత్స మన దగ్గరికి కొత్తగా వచ్చిందేమీ కాదు.

ఇక శామీర్‌పేట దాటాక వచ్చే జీనోమ్ వ్యాలీ. అది ప్రధానంగా టీకాల నేల. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను చవగ్గా తెచ్చినప్పటి నుంచి హైదరాబాద్ చుట్టూ కణాలను పెంచే చేతులు, వైరస్‌ను శుద్ధిచేసే చేతులు, మలినం లేకుండా సీసాలు నింపే చేతులు వేల సంఖ్యలో తయారయ్యాయి. జన్యు చికిత్స వాహకానికి కావాల్సింది దాదాపు ఈ పనితనమే. కార్-టి కంపెనీలో మొదటి ఉద్యోగం దొరకలేదని దిగులుపడే విద్యార్థికి నేను చెప్పేది, టీకా కర్మాగారంలో రెండేళ్లు పనిచేయమని. అవి వృథా పోవు.

ఏ ఎమ్మెస్సీ?

కోర్సు పేరులో సెల్ అండ్ జీన్ థెరపీ ఉండాల్సిన అవసరం లేదు. మన దేశంలో చదివేవాళ్లకు బయోటెక్నాలజీ, మాలిక్యులర్ బయాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీల్లో ఏదైనా పునాది సరిపోతుంది. చూడాల్సింది ఇమ్యునాలజీ గట్టిగా చెబుతారా, జంతుకణాలను పెంచే గది నిజంగా నడుస్తోందా, చివరి సెమిస్టరు ప్రాజెక్టుకు బయటి సంస్థకు పంపుతారా అన్న మూడు సంగతులు. చేరే ముందే ఆ కళాశాల సీనియర్లను పట్టుకుని, "కణాల గది చివరిసారి ఎప్పుడు తెరిచారు?" అని అడగండి. ప్రాస్పెక్టస్‌లో దొరకని జవాబు దొరుకుతుంది.

కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) తోడ్పాటుతో నడిచే ఎమ్మెస్సీలకు గ్యాట్-బి పరీక్ష రాయాలి. సీటొస్తే నెలనెలా ఉపకారవేతనం కూడా ఉంటుంది. ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ, తెలంగాణ విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్. బీఫార్మసీ వాళ్లకు జీప్యాట్ మీదుగా నైపర్‌లు ఉన్నాయి, బాలానగర్‌లో ఉన్నది వాటిలో ఒకటి. ఔషధ నియంత్రణ, నాణ్యతా హామీ వైపు ఫార్మసీ వాళ్లకు సహజంగానే మొగ్గు ఉంటుంది. మన దేశంలో జన్యు చికిత్స మందుల తయారీకీ ప్రయోగాలకూ 2019లో జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. ఉచితంగా దొరుకుతాయి. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే ఒకసారి చదివినవాళ్లు ఇంటర్వ్యూలో వేరుగా కనిపిస్తారు.

పరిశోధనే ప్రాణమనుకునేవాళ్లకు దారి వేరు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ నిర్వహించే బెట్ వంటి పరీక్షల్లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధక ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు. సీసీఎంబీ, బెంగళూరు ఇన్‌స్టెమ్, ఢిల్లీ ఐజీఐబీ లాంటి చోట్ల ఈ దారిలోనే చేరాలి. ఇంట్లో త్వరగా సంపాదన అవసరమైన పిల్లలు ఈ ఐదారేళ్లను మొహమాటం లేకుండా తల్లిదండ్రులతో కూర్చుని లెక్క వేసుకోవాలి. పీహెచ్‌డీ మధ్యలో వదిలేయడం కన్నా, ఎమ్మెస్సీతో ఉద్యోగంలో చేరి కొన్నేళ్ల తర్వాత పీహెచ్‌డీకి వెళ్లడం మేలు.

విదేశాల్లో మాత్రం ఈ చికిత్సల పేరుతోనే కోర్సులున్నాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో సెల్ అండ్ జీన్ థెరపీ ఎమ్మెస్సీ ఉంది, అక్కడి ఇంజనీరింగ్ విభాగంలో ఈ మందుల తయారీ, వాణిజ్యం మీద మరొకటి ఉంది. ఐర్లండ్‌లోని గాల్వేలో కణాల తయారీ మీద ఎమ్మెస్సీ నడిపారు. లండన్‌కు కాస్త ఉత్తరాన స్టీవెనేజ్‌లో ఈ మందుల కంపెనీలు గుంపుగా ఉన్నాయి. ఏడాది కోర్సుకు ఫీజూ లండన్ బతుకూ కలిపి అర కోటి దాటిపోవచ్చు. ఏడాదిలో సగం పాఠాలకే పోతుంది. చేతిపని ఏమీ రాకుండా అక్కడికి వెళ్లిన విద్యార్థికి ప్రాజెక్టు మొదలయ్యేసరికి కోర్సు ముగింపుకొస్తుంది. ఇక్కడ రెండేళ్లు పనిచేసి వెళ్లిన విద్యార్థి అదే ఏడాదిని పూర్తిగా వాడుకుంటాడు. అప్పుచేసి వెళ్లేవాళ్లు ఈ వరస పాటించడం మంచిది. ప్రయోగశాల లేని ఆన్‌లైన్ డిప్లొమాల మీద డబ్బు పెట్టవద్దు.

చివరి ఆరు నెలలు

రెండేళ్ల ఎమ్మెస్సీలో జీవితాన్ని మలుపు తిప్పేది చివరి సెమిస్టరు ప్రాజెక్టు. దురదృష్టవశాత్తూ డబ్బు కడితే తయారు ప్రాజెక్టు, దానికో సర్టిఫికెట్ అమ్మే చోట్లు మన నగరాల్లో ఉన్నాయి. అక్కడ కట్టే డబ్బు కన్నా పోయే ఆరు నెలలే పెద్ద నష్టం.

పెద్ద ప్రయోగం అవసరం లేదు. హెచ్‌ఈకే293 లాంటి మామూలు కణాల వరసను రెండు నెలలపాటు మలినం లేకుండా పెంచండి. రోజూ ట్రిపాన్ బ్లూ రంగు వేసి బతికున్నవెన్నో చచ్చినవెన్నో లెక్కపెట్టి, పెరుగుదల గీత గీయండి. ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్‌ను చేయించే జన్యువును వాటిలోకి పంపి, ఎన్ని కణాలు తీసుకున్నాయో ఫ్లో సైటోమీటర్‌లో కొలవండి. మూడుసార్లు చేసి, మూడూ ఒకలా ఎందుకు రాలేదో రాయండి. కార్-టి తయారీలో జరిగే పని సారం చాలావరకు ఇందులో ఉంది. ఇంటర్వ్యూలో "మీ కణాలకు ఎప్పుడైనా మలినం సోకిందా? అప్పుడేం చేశారు?" అని అడిగితే, ఎన్నడూ సోకలేదనే జవాబు ఎవరూ నమ్మరు. ఏ తేదీన మబ్బుగా కనిపించింది, ఏ సీసా నుంచి వచ్చిందని ఎలా కనిపెట్టారు, తర్వాత ఏం మార్చారు, ఇవి చెప్పగలిగినవాళ్లకే గదిలోకి పిలుపు వస్తుంది.

కళాశాలలో వసతి లేనివాళ్లు మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. రెండు నెలలు దేశంలోని మంచి ప్రయోగశాలలో పని, భత్యం వాళ్లే ఇస్తారు. జిల్లా కళాశాలల పిల్లల్లో చాలామందికి దీని పేరే తెలియదు. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఒక మాట: బ్యాచ్ రికార్డులో కావాల్సింది అలంకారాల ఇంగ్లిషు కాదు. ఏం చేశానో, ఎప్పుడు చేశానో, ఎంత వచ్చిందో చెప్పే పొట్టి వాక్యాలు చాలు. రోజుకో పేజీ ల్యాబ్ పుస్తకం రాస్తే ఏడాదిలో పట్టుబడుతుంది.

ఒడిదుడుకులు తెలుసుకునే దిగాలి

ఈ రంగంలో మందు పనిచేసినా కంపెనీ నిలబడకపోవచ్చు. గ్లైబెరా అనే జన్యు చికిత్సకు 2012లో యూరప్ అనుమతించింది. ఖరీదు పది లక్షల యూరోల దాకా. కొనేవాళ్లు లేక 2017లో మార్కెట్ నుంచి తప్పుకుంది. ఫైజర్ తన హీమోఫీలియా-బి జన్యు చికిత్సకు 2024లో అమెరికా అనుమతి తెచ్చుకుని, ఏడాది తిరక్కుండానే 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. మూడు జన్యు చికిత్సలకు అనుమతులు సాధించిన బ్లూబర్డ్ బయో 2025లో ఒకనాటి విలువలో అతి చిన్న భాగానికి అమ్ముడుపోయింది. ఇలాంటి ప్రతి వార్త వెనకా ఉద్యోగాలు పోయినవాళ్లుంటారు. మరోవైపు అదే 2025లో ఫిలడెల్ఫియాలో ఒక్క పసివాడి జన్యుదోషం కోసమే ఆరు నెలల్లో దిద్దుబాటు మందు తయారుచేసి ఇచ్చారు. మన దగ్గర సికిల్ సెల్ అనే రక్త జబ్బుకు ఐజీఐబీ, జన్యువును దిద్దే సొంత క్రిస్పర్ చికిత్సను సిద్ధం చేస్తోంది. అది పాడేరు, ఆదిలాబాద్ ఏజెన్సీ పిల్లలదాకా రావాలంటే ఇంకా చాలా చేతులు కావాలి. రోగి నుంచి కణాలు తీయకుండా ఒంట్లోనే మార్చే పద్ధతులు నెగ్గితే, సంచి వెంట నడిచే ఉద్యోగాల్లో కొన్ని తగ్గుతాయి, వాహకం, పరీక్షల వైపు పెరుగుతాయి. అందుకే ఒక్క చికిత్సకే పనికొచ్చే విద్యను కాక, మందు మారినా మిగిలే పనితనాన్ని నేర్చుకోమనేది.

మూలకణాలు ఎక్కిస్తే ఆటిజం తగ్గుతుందని, మోకాళ్లు కొత్తవవుతాయని లక్షలు వసూలుచేసే క్లినిక్‌లు కూడా కొత్త ఎమ్మెస్సీ పట్టభద్రులను ఉద్యోగాల్లోకి పిలుస్తుంటాయి. రక్త సంబంధ జబ్బుల్లో జరిగే మజ్జ మార్పిడి వంటి కొద్దిపాటి వాడకాలు తప్ప, మూలకణ చికిత్సలు అనుమతి పొందిన ప్రయోగాలుగానే జరగాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాంటి చోట చేరితే అనుభవం కింద లెక్కకు రాదు, పైగా ఆశతో వచ్చిన తల్లిదండ్రులను మోసగించడంలో చేయి కలిపినట్టవుతుంది.

నిజమైన ప్రయోగమో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. భారత క్లినికల్ ప్రయోగాల రిజిస్ట్రీ, సీటీఆర్‌ఐ, అందరికీ తెరిచే ఉంటుంది. 2009 జూన్ నుంచి ప్రయోగాలన్నీ అందులో నమోదవడం తప్పనిసరి. జబ్బు పేరో కార్-టి అనో వెతికితే, ఏ సంస్థ, ఏ ఆసుపత్రుల్లో, ఏ దశలో చేస్తోందో కనిపిస్తుంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకూ ఇది మంచి పట్టిక. మొదటి దశ ముగించి రెండో దశకు వెళ్తున్న సంస్థకు తయారీ గదిలోనూ పరీక్షల గదిలోనూ కొత్త మనుషులు కావాలి. ప్రకటన పడేదాకా ఆగకుండా, మీరు చేసిన ప్రాజెక్టు ఒక పేజీలో రాసి దరఖాస్తు అప్పుడే పంపండి.